పక్క సీట్లో నాన్న

బెజాయా,
2008 మార్చి 9

జోహెర్ అత్తకి,

నీ ఆరోగ్యం, కోళ్ళ ఆరోగ్యం, నీతో పోట్లాడే పొరుగావిడ ఆరోగ్యం అన్నీ బాగున్నాయని తలుస్తాను. ఫోను చేస్తే నువ్వు "ఎవరూ? ఎవరూ?" అని అరిచి పెట్టేస్తావు. పోస్టుమాన్ తలుపు బాదితే మాత్రం నీకు వినిపిస్తుంది. అందుకని ఉత్తరమే రాస్తున్నాను.

ఇక్కడ వానలు ఆగాయి. మందుల షాపులో నా పని మామూలే. చెప్పాల్సింది నాన్న సంగతి. ముప్పై ఒక్క ఏళ్ళు బెజాయా నుంచి జిజెల్‌కి బస్సు నడిపిన మనిషి, నవంబరు నుంచి మూడంతస్తుల మెట్లు దిగి వీధిలోకి వెళ్ళలేదు. లైసెన్సు మళ్ళీ ఇవ్వలేదు కదా, వయసైందన్నారు, అంతే. నువ్వు కంగారు పడాల్సిందేమీ లేదు. పాత డ్రైవర్లు డామినో ఆటకి కబురు పంపినా పోడు. కుర్చీ కిటికీ దగ్గర వేసుకుని, కిటికీ వైపు వీపు పెట్టి కూర్చుంటాడు.

నాకొక ఆలోచన వచ్చింది. నాన్నని తీరం వెంబడి పది రోజులు తిప్పాలి. అందుకోసం లియాజిద్ చుట్టూ మూడు వారాలు తిరిగి, చివరికి మారుతిని ఖాయం చేసుకున్నాను. తెలుపు, కాస్త పొట్టి, చూడ్డానికి ఏమంత లేదుగానీ నమ్మకమైన రకం. పుట్టింది ఇండియాలోనట. నేనూ మారుతీ కుదురుగా ఉంటామో లేదో చూడాలని లియాజిద్ మమ్మల్ని గురాయా కొండమీదికి తీసుకెళ్ళాడు. పైకెక్కి కిందికి దిగేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. దిగాక "సరే" అన్నాడు.

ఇప్పుడు చిక్కల్లా నాన్నతోనే. మారుతి పేరెత్తితే మొహం తిప్పేసుకుంటున్నాడు. ఈ లోకంలో నాన్న వినేది ఒక్క నీ మాటే. వెళ్ళు అని ఒక్క ముక్క రాయి అత్తా. నీ పుణ్యం ఉంటుంది.

నీ మేనకోడలు,
తావూస్


తియారెత్,
మార్చి 16

ఏమే తావూస్,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. యాభై రెండేళ్ళ వయసులో బడికెళ్ళి అక్షరాలు నేర్చుకున్నది ఇలాంటివి చదవడానికా అని ఏడుపొచ్చింది.

ఎవడే ఈ మారుతి? మన కబైలీ పేరు కాదు, అరబ్బు పేరు కాదు. ఇండియా వాడంటున్నావు. తెల్లగా ఉంటే ఏం, పొట్టివాడని నువ్వే రాశావు. ముప్పై మూడేళ్ళు వచ్చేదాకా వచ్చిన ప్రతి సంబంధానికీ వంక పెట్టావు. ఒకడి చెవులు పెద్దవన్నావు, ఇంకొకడు సూప్ తాగితే చప్పుడవుతుందన్నావు. ఆఖరికి చూడ్డానికి ఏమంత లేనివాణ్ణి నువ్వే ఖాయం చేసుకున్నావా? మధ్యలో ఈ లియాజిద్ ఎవడు, పెళ్ళిళ్ళ పేరయ్యా? పెళ్ళికాని పిల్లని గురాయా కొండమీదికి తీసుకెళ్ళి, మాట్లాడకుండా కూర్చుని, దిగి "సరే" అన్నాడట. ఆ కొండమీద ఊరిని కాచే తల్లి యెమ్మా గురాయా సమాధి ఉందన్న భయమైనా లేదా మీకు?

పెళ్ళికి ముందు పది రోజులు తిరిగి చూస్తారా? పైగా తండ్రిని వెంటేసుకుని! నా తమ్ముడు మెజియాన్ మొహం తిప్పుకున్నాడంటే వాడికింకా బుద్ధుందన్నమాట. నేను వెళ్ళమని రాయను. వాడికి విడిగా ఉత్తరం రాసి దీంతోపాటే పోస్టు చేస్తున్నాను. అందులో ఏముందో వాడే నీకు చెప్తాడు.

గుడ్లు పెట్టే కోడి ఒకటి చచ్చింది. మిగిలినవి బాగున్నాయి.

నీ మీద కోపంతో ఉన్న మీ అత్త,
జోహెర్


బెజాయా,
మార్చి 25

అత్తా,

ముందు మారుతి సంగతి. మారుతి మనిషి కాదు, కారు. మన వీధిలో లెక్కపెడితే పదిహేను తిరుగుతుంటాయి. మీ తియారెత్‌లోనూ ఉంటాయి, నీకు వాటి పేరు తెలియక. లియాజిద్ రేవు దగ్గర కార్లు అద్దెకిచ్చేవాడు. నాకు లైసెన్సొచ్చి నాలుగు నెలలే అయింది. రెండేళ్ళు నిండనివాళ్ళకి కారివ్వనని మొండికేశాడు. గురాయా ఘాట్ రోడ్డు మీద నడిపి చూపిస్తే ఇస్తావా అని పందెం వేశాను. ఆ రోజు ఆయన మాట్లాడకుండా కూర్చున్నది భయంతో. లైసెన్సు సంగతి నీకు ముందు రాయకపోవడం నా తప్పే. రెండుసార్లు తప్పాను కదా, మూడోసారి పాసయ్యానని చెప్పుకోవడానికి సిగ్గేసింది.

నాన్నకి నువ్వు రాసిన ఉత్తరం నేనే చదివి వినిపించాను. "కళ్ళద్దాలు ఎక్కడో పెట్టాను, నువ్వే చదువు" అన్నాడు. నన్ను గదిలో పెట్టి తాళం వెయ్యమని రాసింది నేనే గట్టిగా చదవాల్సి వచ్చింది. ఇండియా అల్లుడి దగ్గరికొచ్చేసరికి నాన్న నవ్వడం మొదలుపెట్టాడు. నవంబరు తర్వాత ఈ ఇంట్లో నవ్వు వినడం అదే మొదలు. కళ్ళు తుడుచుకుంటూ "ఇంకా చదువు, ఇంకా చదువు" అన్నాడు. తర్వాతి లైను నువ్వు ఇలా రాశావు. "ఇంట్లో పిల్ల పరాయివాడితో కొండలెక్కుతుంటే నీ కళ్ళు ఏమైపోయాయిరా?"

చదివేశాక గానీ నాకు తట్టలేదు. నాన్న నవ్వు ఆగిపోయింది. "ఆ ఒక్కటి మా అక్క సరిగ్గానే అడిగింది" అన్నాడు.

అత్తా, నీకు చెప్పనని నాన్న నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఆ ఒట్టు ఇప్పుడు తప్పుతున్నాను. లైసెన్సు పోయింది వయసు వల్ల కాదు. కంట్లో ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోతోందట. పక్క చూపు అప్పుడే పోయింది. ఎదురుగా ఉన్నది మాత్రం గొట్టంలోంచి చూసినట్టు కనిపిస్తుంది. ఆ గొట్టమూ సన్నబడుతోంది. చుక్కల మందు వేస్తున్నాం, అది ఆలస్యం చేస్తుందే కానీ ఆపదు. "ఒక ఏడాది అనుకోండి, అంతకన్నా ఆశ పెట్టుకోకండి" అన్నాడు డాక్టరు.

శీతాకాలంలో ఒకరోజు మాటల్లో, అవొకాస్ దగ్గర ఇసుక ఎలా ఉంటుంది నాన్నా అని అడిగాను. "స్టాపు పేరు తెలుసు, ఆరు నిమిషాలు ఆగేవాణ్ణి. దిగలేదు" అన్నాడు. తిషీ? దిగలేదు. జియామా గుహలు? ముప్పై ఒక్క ఏళ్ళు "గుహలు, గుహలు, దిగేవాళ్ళు దిగండి" అని అరిచిన మనిషి లోపలికి అడుగు పెట్టలేదు. ఆ తీరం మీదికి జనాన్ని తీసుకెళ్ళి దింపడమే తప్ప తను చూసింది తారు రోడ్డొక్కటే. ఇప్పుడు చూడకపోతే ఇక చూడలేడు. అందుకే నా ఈ పట్టుదల.

కానీ ఒప్పుకోడు. వేరేవాళ్ళు నడుపుతుంటే పక్కన కూర్చోడట. అందులోనూ కూతురు. లియాజిద్ నాకు ఏప్రిల్ 12 నుంచి కారు ఉంచాడు. నువ్వు ఏం రాసినా సరే, త్వరగా రాయి.

తావూస్


తియారెత్,
ఏప్రిల్ 2

తల్లీ తావూస్,

రెండు రోజులు పొయ్యి వెలిగించలేదు. మాట వదిలే ముందు ఒకసారి నాలుక కరుచుకోవాలని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. నా మాట వాడికి ఎక్కడ తగిలి ఉంటుందో తలుచుకుంటే నా చెయ్యి నేనే విరుచుకోవాలనిపించింది. తర్వాత కోపమొచ్చింది. నాకు చెప్పొద్దంటాడా? వాడు పుట్టినప్పుడు బొడ్డు కోసిన కత్తెర అందించింది నేను.

నాకు పదహారో ఏట పెళ్ళయి ఈ పీఠభూమికి వచ్చాను. ఇక్కడ ఎటు చూసినా గోధుమ పొలాలు. సముద్రం మొహం చూసి ఎన్నేళ్ళయిందో లెక్కపెట్టను. కాబట్టి మీరు ఎక్కడికి వెళ్ళినా, ఏం చూసినా, నాకు వివరంగా రాయాలి. కోతుల సంగతి కూడా రాయి. ఆ రోడ్డు మీద కోతులుంటాయని మెజియాన్ చెప్పేవాడు.

కింద రాసింది వాడికి. గట్టిగా చదువు, ఒక్క ముక్క కూడా వదలకు.

"ఒరేయ్ మెజియాన్. నీ సంగతి నాకు తెలిసింది. పిల్లని తిట్టకు, తిడితే నేను బండెక్కి వస్తాను, వచ్చానంటే తిరిగి పోను. ఆడపిల్ల నడుపుతుంటే పక్కన కూర్చోడానికి సిగ్గుగా ఉందా నీకు? అమ్మ పొలానికి పోతే నిన్ను నాలుగేళ్ళు వీపున మోసిన నేనూ ఆడపిల్లనే. అప్పుడు వాగు దాటుతుంటే 'ఇంకా తొందరగా' అని నా జుట్టు పట్టుకుని లాగేవాడివి, గుర్తుందా? లేచి చొక్కా వేసుకో. కారెక్కు. ఇది మీ అక్క మాట."

తావూస్, ఇంకొక్కటి. కారు సంగతి సరే, అర్థమైంది. లియాజిద్ పెళ్ళయినవాడా, కాడా? నువ్వు అది రాయలేదు. కావాలనే రాయలేదని నాకు తెలుసు.

మీ అత్త,
జోహెర్


జిజెల్,
ఏప్రిల్ 17

అత్తా,

వచ్చాడు.

నీ ఉత్తరం గట్టిగా చదివి వినిపించాను. మర్నాడు పొద్దున్నే గడ్డం గీసుకున్నాడు. చెంప మీద రెండుచోట్ల తెగింది. పాత బస్సు కంపెనీ కోటు వేసుకుని "పద" అన్నాడు. మెట్లు దిగుతుంటే చెయ్యందించబోయాను, నెట్టేశాడు. వీధి చివర చాయ్ కొట్టు దగ్గర డామినో ఆడుతున్న ముసలాళ్ళంతా ఆట ఆపి చూశారు. ఆయన పక్క సీటు తలుపు తీసుకుని కూర్చున్నాక ఒకాయన మాత్రం లేచి టోపీ తీశాడు.

తిషీ దాకా రెండు కాళ్ళూ నేలకి అదిమిపెట్టి కూర్చున్నాడు. ఆయన వైపు బ్రేకుంటే అది విరిగిపోయేది. నేను గేరు మార్చినప్పుడల్లా ముక్కుతో గాలి వదిలాడు. అది కాక ఇంకో ఫిర్యాదు. వెళ్ళేటప్పుడు సముద్రం డ్రైవరు వైపు ఉంటుంది. పక్క సీటుకి కొండరాళ్ళే. "ముప్పై ఏళ్ళు సముద్రం పక్కనుండి చూడలేదు, ఇప్పుడు చూద్దామంటే రాళ్ళ వైపు కూర్చోబెట్టారు" అన్నాడు. బండి ఆపినప్పుడల్లా దిగి చూడొచ్చు కదా అన్నాను. "ఆపు అయితే" అన్నాడు. అప్పటినుంచి ఆపుతూనే ఉన్నాను.

అవొకాస్‌లో బూట్లు విప్పి, ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి నీళ్ళలోకి దిగాడు. చన్నీళ్ళు. నేను గట్టుమీద నుంచి పిలుస్తున్నా వినలేదు. చాలాసేపు అలాగే నిలబడి, వెనక్కి వచ్చి ఇసుక మీద కూర్చుని, "ఇక్కడికి జనం టిక్కెట్టుకి తొందరపడి ఎందుకు తోసుకునేవాళ్ళో ఇప్పుడు తెలిసింది" అన్నాడు. కాల్చిన సార్డీన్ చేపలు ఇద్దరం పన్నెండు తిన్నాం, అందులో ఆయనవి ఎనిమిది. గుహల్లో దీపాలు పెట్టారు. ఎదురుగా ఉన్నదే కనిపిస్తుంది కాబట్టి ఒక్కో రాతి స్తంభం ముందూ నిలబడి పైనుంచి కిందిదాకా మెల్లగా చూసుకున్నాడు. మాతో వచ్చినవాళ్ళంతా పది నిమిషాల్లో బయటపడ్డారు. మేం గంటన్నర ఉన్నాం. టిక్కెట్లిచ్చే ఆయన విసుక్కుంటే, "నీ గుహకి ముప్పై ఒక్క ఏళ్ళు జనాన్ని తోలాను. కాస్త ఓపిక పట్టు" అన్నాడు నాన్న. ఆ మాటకి ఆయన మాకు కాఫీ తెప్పించాడు.

కోతులున్నాయి అత్తా. ఒకటి నా ఒళ్ళో రొట్టె ఎత్తుకుపోయి గోడ మీద కూర్చుని, మమ్మల్ని చూస్తూ తిన్నది. చూపులో అచ్చం మీ పొరుగావిడే.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న గుహలు దాటాక కొండచరియ విరిగి రాళ్ళు రోడ్డు మీద పడి ఉన్నాయి. కొండవైపు సగం మూసుకుపోయింది. సముద్రం వైపు సగంలోంచి ఒక్క బండి పడుతుంది. ఎదురుగా ఎవరూ లేరనుకుని అందులోకి దూరాను. సగందాకా వెళ్ళేసరికి మలుపులోంచి ఇటుకల లారీ వచ్చింది. అది ఎత్తులో ఉంది, ఒళ్ళంతా బరువు, వెనక వంపు. వెనక్కి పోలేదు. నా వెనక రెండు కార్లు. వాళ్ళిద్దరూ ఎలాగో వెనక్కి పోయారు. ఇక మిగిలింది నేను. వెనక్కి రెండొందల మీటర్లు పోవాలి. ఎడమ పక్క మోకాలెత్తు గోడ, గోడ అవతల గాలి, గాలి కింద సముద్రం.

లారీ వెనక ఇంకో నాలుగు బండ్లు చేరాయి. అందరూ దిగి తలో సలహా. ఒకాయన దగ్గరికొచ్చి, "దిగమ్మా, నేను తీస్తాను, ఇది ఆడవాళ్ళ పని కాదు" అని తలుపు మీద చెయ్యి వేశాడు. నిజం చెప్పనా? దిగిపోదామనే అనుకున్నాను.

నాన్న దిగాడు. కారు చుట్టూ చేత్తో తడుముకుంటూ వచ్చి ఆయన చెయ్యి తలుపు మీంచి తీసేశాడు. "ఆ బండికి డ్రైవరుంది" అన్నాడు. తర్వాత నా కిటికీ దగ్గర వంగి మెల్లగా చెప్పాడు.

"అమ్మాయ్, ఎడమ పక్క సంగతి నాకొదిలెయ్. నువ్వు కుడి అద్దంలో కొండనే చూడు. నా గొంతు విను. నేను ఆగమంటే ఆగు. ఇంకెవరు ఏమన్నా నీకు వినపడదు. మీ అత్తలా."

ఆ స్థితిలోనూ నవ్వొచ్చింది అత్తా, ఏమనుకోకు.

ఆయనకి పక్కన ఉన్న గోడ కనిపించదు. కారు వైపు మొహం పెట్టి, ఎడమ చెయ్యి గోడమీద ఆనించి వెనక్కి నడవడం మొదలుపెట్టాడు, నేను ఆ గొంతు వెంట. "రా... రా... ఇక్కడ గోడ తెగుతుంది, పదకొండు అడుగులు గోడ ఉండదు, కొండకి ఆనుకో... ఇంకా... ఆ, మళ్ళీ మొదలైంది. ఇప్పుడు వంపు, చక్రం ఒక పిడికెడు తిప్పు, అంతే." గోడ తెగే చోటికి చేరకముందే చెప్పాడు. రోడ్డు మీద గుంట వస్తుందని ముందే చెప్పాడు. ఎక్కడ నీటి ఊట ఉందో, అక్కడ రోడ్డు ఎంత వెడల్పవుతుందో చెప్పాడు. చుట్టూ ఉన్న మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. చివరికి నాన్న గొంతూ ఇంజనూ సముద్రమూ తప్ప ఏమీ వినిపించలేదు. ఎంతసేపు పట్టిందో తెలియదు. "ఊట దగ్గరికొచ్చాం, కుడికి కోసి ఆపు" అన్నాడు. కోశాను. ఆపాను. కారుకి గీత కూడా పడలేదు.

లారీ మెల్లగా దిగి మా పక్కకొచ్చి ఆగింది. డ్రైవరు యాభై ఏళ్ళవాడు, కిందికి దిగి నాన్న దగ్గరికొచ్చాడు.

"మెజియాన్ మావా కదూ? గొంతు పట్టి గుర్తుపట్టాను. తొంభై అయిదులో కాల్పుల భయంతో ఈ రోడ్డు మీద ఎవడూ బండి తీయనప్పుడు మా అమ్మని జిజెల్ ఆస్పత్రికి చేర్చింది నీ బస్సే."

"బతికిందా?" అన్నాడు నాన్న.

"మొన్న మనవడి పెళ్ళిలో ఆడింది కూడా."

ఇద్దరూ నుదురూ నుదురూ ఆనించుకున్నారు. ఆయన నా వైపు చూసి, "నడిపిందెవరు మావా?" అని అడిగాడు.

"నా డ్రైవరు."

అంతే అన్నాడు. ఇందాక దిగమన్న ఆయన మా ముందునుంచి కారు పోనిస్తూ కిటికీలోంచి నాకు చెయ్యెత్తి సలాము చేశాడు. దారి ఖాళీ అయ్యాక మళ్ళీ అదే సందులోకి పోనిచ్చాను. జిజెల్ కనిపించాక నాన్న గొంతు సవరించుకున్నాడు. ఏదో గొప్ప మాట అంటాడనుకున్నాను. "క్లచ్ మీద కాలు వేలాడేస్తున్నావు. తీసెయ్, అరిగిపోతుంది" అన్నాడు. నాకు అసలు లైసెన్సు నిన్ననే వచ్చినట్టనిపించింది.

నాలుగైదు రోజులు ఇక్కడే ఉండి, నింపాదిగా ఆగుతూ వస్తాం. 22న కారు అప్పజెప్పాలి.

నీ మేనకోడలు, మీ తమ్ముడి డ్రైవరు,
తావూస్


తియారెత్,
ఏప్రిల్ 26

తావూస్,

నీ ఉత్తరం ఆడవాళ్ళ స్నానాల రోజున హమామ్‌లో చదివాను. ఆవిరికి సిరా కారిపోతున్నా ఆపనివ్వలేదు. "నా డ్రైవరు" అన్న చోట అందరూ ఒక్కసారిగా నాలుకలు ఆడిస్తూ పెళ్ళిలో పెట్టినట్టు యూయూలు పెట్టారు. ఈ చెవులతో నాకే వినిపించిందంటే ఎంత గట్టిగా పెట్టారో ఊహించుకో. ముసలి స్నానాలావిడ నా వీపు రుద్దిన కూలి తీసుకోలేదు.

ఆ సంతోషం రెండు రోజులు. ఇవాళ పొరుగావిడ పలక మీద రాసి చూపించింది. "లియాజిద్ ఫోను. కారు రాలేదు. వాళ్ళూ రాలేదు. ఎవరూ ఫోను ఎత్తడం లేదు." కారు కాగితాల మీద బంధువు అని ఆవిడ ఫోను నంబరు ఇచ్చావట. ఇరవై రెండు దాటి నాలుగు రోజులు. తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ ఆ సందులోంచే కదా రావాలి. ఆ గోడ లేని పదకొండు అడుగులే నాకు కళ్ళముందు ఆడుతున్నాయి. నేనే కదా కారెక్కమని రాసింది. "ఇది మీ అక్క మాట" అని కూడా రాశాను.

పొరుగావిడ నన్ను లోపలికి తీసుకెళ్ళి సూప్ తాగించింది. ముప్పై ఏళ్ళుగా పోట్లాడుతున్నాం, ఆవిడ వంట బాగుంటుందని ఇవాళే తెలిసింది.

ఈ ఉత్తరం ఇంటికి పంపుతున్నాను. దీన్ని విప్పేది నువ్వే కావాలి. విప్పిన క్షణమే జవాబు రాయి. మెజియాన్‌కి చెప్పు, బతికుంటే నేను కొడతానని.

జోహెర్


బెజాయా,
మే 2

అత్తా,

నేనే విప్పాను. ఇద్దరం బాగున్నాం. కారూ బాగుంది. కారు అప్పజెప్పి ఇప్పుడే ఇల్లు చేరాం, తలుపు కింద నీ ఉత్తరం ఉంది. విప్పిన క్షణమే రాస్తున్నాను, ఇంకా బూట్లు కూడా విప్పలేదు.

మా తప్పేమీ లేదు. లియాజిద్ షాపుకి ఫోను చేసి, ఇంకో పది రోజులు ఉంచుకుంటామని వాళ్ళావిడకి చెప్పాను. ఆవిడ పుట్టింటికి పోయే హడావిడిలో ఆయనకి చెప్పడం మరిచిపోయింది. అవునత్తా, లియాజిద్‌కి పెళ్ళయింది. ముగ్గురు పిల్లలు కూడా. నీ ప్రశ్నకి జవాబు దొరికింది కదా. ఫోను ఎత్తకపోవడానికి కారణం, మేమున్న చోట కొండలూ అడవీ తప్ప సిగ్నలు లేదు.

ఎక్కడున్నామంటావా? చెప్తాను.

జిజెల్‌లో నాలుగు రోజులయ్యాక వెనక్కి బయల్దేరాం. పొద్దున్నే పాత బస్టాండు ముందునుంచి వస్తుంటే నాన్న ఆపమన్నాడు. దిగి లోపలికెళ్ళాడు. ఆయన బస్సు నిలిచే అరుగు దగ్గర నిలబడ్డాడు. ఎవరూ గుర్తుపట్టలేదు, అందరూ కొత్తవాళ్ళు. బాధపడతాడేమోనని దగ్గరికెళ్ళాను. బాధ కాదు, ఏదో లెక్కలో ఉన్నాడు.

"రోజూ ఇక్కడికొచ్చి బస్సు తిప్పేవాణ్ణి. ఇక్కడినుంచి తూర్పుకి ఒక్క కిలోమీటరు కూడా పోలేదు. అటు ఏముంటుందే?"

నాకూ తెలియదన్నాను.

"బండిలో పెట్రోలుందా?"

ఉందన్నాను. వచ్చి పక్క సీట్లో కూర్చుని, తలుపేసుకుని, వేలు పెట్టి తూర్పుకి చూపించాడు.

కొల్లో దాకా వెళ్ళాం అత్తా. రోడ్డు సముద్రాన్ని వదిలి కొండల్లోకి ఎక్కింది. సీసా బిరడాలు చేసే బెండు చెట్ల అడవి, బెరడు ఒలిచిన మొదళ్ళు ఎర్రగా, తడి ఇటుకల్లా ఉన్నాయి. నాన్నకి ఆ దారిలో ఏ మలుపూ తెలియదు. మొదటి రోజు "ఇప్పుడేమొస్తుంది, ఇప్పుడేమొస్తుంది" అని నన్ను అడిగాడు. నాకేం తెలుసు? రెండో రోజు నుంచి అడగడం మానేశాడు. సీటు ముందుకి లాక్కుని, అద్దానికి మొహం దగ్గరగా పెట్టి కూర్చున్నాడు. కాళ్ళు నేలకి అదమడం లేదు. ఒక మలుపు తిరగ్గానే కింద కొల్లో రేవు, తెల్లని ఇళ్ళు, నీలి పడవలు ఒక్కసారిగా కనిపించాయి. "అరె" అన్నాడు. అరవై ఆరేళ్ళ మనిషి, చిన్నపిల్లాడిలా.

అక్కడ చేపలు పట్టేవాళ్ళ ఇంట్లో ఓ గది దొరికింది. వారమంతా పొద్దున్న రేవు, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం కారు. లైట్‌హౌస్‌కి ఒక దారుంది, ఇరుకు, మన గురాయా రోడ్డుకే తాత. పైదాకా నడిపాను. పైన నిలబడి నాన్న ఒక్కో ముక్కగా చూసుకుంటూ సముద్రమంతా చుట్టివచ్చాడు. కంటికి తక్కువ పడుతుంది కనుక మెడ తిప్పి తిప్పి చూశాడు. గంట పట్టింది. ఒక్క ముక్క కూడా వదల్లేదు.

రేపు డాక్టరు దగ్గరికెళ్ళాలి. ఆయన ఏం చెప్తాడో తెలుసు, నాన్నకీ తెలుసు. కానీ ఇవాళ మెట్లు దిగి డామినో ఆటకి పోయాడు. కొల్లో గురించి చెప్తుంటే ఆ ముసలాళ్ళంతా నోరు తెరుచుకుని వింటున్నారు, మూడంతస్తుల పైకి వినిపిస్తోంది. లియాజిద్‌ని అడిగాను, జూన్‌లో మళ్ళీ కారిస్తాడట. ఈసారి పడమరకి, నీ వైపు. నువ్వు సంచి సర్దుకుని ఉండు. తియారెత్ నుంచి సముద్రం నాలుగు గంటల దారే. నువ్వు వెనక సీట్లో. గేర్ల మీద మాత్రం ఏమీ అనకూడదు.

కొల్లో రేవులో నాన్న నీకో కార్డు కొన్నాడు. నన్ను రాయనివ్వలేదు. పడవ అంచు మీద పెట్టుకుని తనే రాశాడు, మధ్యాహ్నమంతా పట్టింది. లైన్లు ఏటవాలుగా పోయాయి, ఒకచోట ఒకదానిమీద ఇంకొకటి ఎక్కింది. పోస్టు చెయ్యమంటే "నలిగిపోతుంది" అని కోటు జేబులో దాచుకుని వచ్చాడు. ఇదే కవరులో పెడుతున్నాను. నువ్వు అక్షరాలు కూడబలుక్కుని చదువుకుంటావని నాకు తెలుసు.

నీ తావూస్


(కార్డు)

అక్కా,

ఈ రోడ్డు నాకు తెలియదు. ఏ మలుపు వెనక ఏముందో తెలియదు. చాలా బాగుంది.

పిల్ల నడుపుతోంది. నేను చూస్తున్నాను.

మెజియాన్